బాలు గారి పాటల మీద బ్లాగు రాసేవాళ్లకు

నెల్లూరులో ఎస్పీ బాలు గారి అభిమానులం కొందరం కలిసి వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు నడుపుతున్నాం. మీకూ అలాంటిది ఉంటే ఈ ఆదివారమే ఒక పని చేయండి. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే పోస్టులు, కామెంట్లు కలిపి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు దిగుతుంది. అందులో ఫోటోలు మాత్రం ఉండవు, వాటి లింకులే ఉంటాయి. ఇది తెలియక నేను టౌన్ హాలు కచేరీ కరపత్రం స్కాన్ పోగొట్టుకున్నాను. మడత దగ్గర పసుపు మరక ఉన్న ఆ కాగితం కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఫోటోలు విడిగా దించి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంకొకరి ఇంట్లో ఒక కాపీ పెట్టండి. ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ అనే సైటు 2009లో మూతపడినప్పుడు ఎన్నో అభిమాన పేజీలు పోయాయి. కామెంట్లనూ తీసెయ్యకండి, పాత కచేరీల ముచ్చట్లు పెద్దవాళ్లు చెప్పింది అక్కడే.