కంకర రోడ్డు మీద పాత సైకిళ్ల గ్రూప్ రైడ్‌కి ఎలా సిద్ధం కావాలి?

పాత సైకిళ్ల రైడ్ ఉందనగానే చాలామంది చేసే మొదటి పని పాలిష్ డబ్బా తెచ్చుకోవడం. హ్యాండిల్ తళతళలాడుతుంది, బెల్లు మెరుస్తుంది, మడ్‌గార్డు మీద చెరిగిపోయిన గీత మళ్లీ తేలుతుంది. కంకర మొదలైన కాసేపటికి ఎడమ పెడలు దగ్గర టక్కు టక్కు మంటూ శబ్దం. ఆ తర్వాత ఆ బండి ఆసామి దిగి, కొట్టి బిగించడానికి రోడ్డు వారన తగిన రాయి కోసం వెతుకుతూ ఉంటాడు. మిగతా అందరూ ఎండలో నిలబడి ఆయన్ని చూస్తూ ఉంటారు. ఇది ప్రతి రైడ్‌లో జరిగేదే. దీనికి కారణమూ చాలాసార్లు ఒకటే: కాటర్ పిన్ను, అంటే పెడలు కాడను (క్రాంకును) మధ్య ఇరుసుకు (యాక్సిల్‌కు) బిగించే ఉక్కు పిన్ను. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను. మిగతా పనులు మీరు ఎలాగూ చేసుకోగలరు.

ముందు రైడ్ నియమాలు చదవండి

ఇలాంటి రైడ్‌లకు పెద్దదిక్కు ఇటలీలోని ‘ఎరోయికా’. టస్కనీలోని గయోలె ఇన్ కియాంటి అనే ఊళ్లో 1997లో మొదలైంది. అక్కడి తెల్ల కంకర రోడ్లను తారు కింద పోకుండా కాపాడుకోవాలన్నది దాని వెనక ఉద్దేశం. రోడ్ సైకిలు 1987కి ముందు తయారైనదై ఉండాలి, గేర్ మీటలు ఫ్రేము కింది గొట్టం మీద ఉండాలి, పెడళ్లకు క్లిప్పులు, పట్టీలు ఉండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ టేపు బయట నుంచే పోవాలి. ఇవి అక్కడి నియమాలు. చాలా రైడ్‌లు వీటినే కాస్త అటూ ఇటూగా వాడుకుంటాయి. మీరు వెళ్లే రైడ్ ఏం అడుగుతోందో ముందే చూసుకోండి. బయల్దేరే రోజు పొద్దున పెడళ్లు మార్చడం కంటే దండగ పని ఇంకోటి లేదు.

ఏ నియమంలోనూ రాయని సంగతి ఒకటుంది. రైడ్‌కి వారం ముందు కొత్త పెయింటు వేయించకండి. పాత రంగు పోయినా పర్వాలేదు, తుప్పు ఆగితే చాలు. పెయింటు కోసం విప్పిన బండిని హడావిడిగా బిగిస్తే ఎక్కడో ఒక నట్టు లూజుగా మిగిలిపోతుంది.

సామాన్లు

పానాలు (చక్రాల యాక్సిల్ నట్లకు 15 ఎంఎం తప్పనిసరి), స్క్రూడ్రైవర్, టైరు లీవర్లు, పంపు, ప్యాచ్ కిట్, మీ టైరు సైజుకు సరిపోయే రెండు ట్యూబులు, ఒక బ్రేకు తీగ, కాటర్ పిన్నులు ఒక జత. అన్నీ సీటు వెనక చిన్న తోలు సంచీలో పట్టాలి. వీపుకు బ్యాగు వద్దు. కంకర మీద అది ప్రతి గుంతకూ మీ నడుము మీద ఒక్కటి వేస్తుంది.

టైర్లు, బ్రేకులు, హ్యాండిల్

సైజు దగ్గరే సగం మంది తప్పుతారు. 700సి రిమ్ము 622 ఎంఎం, 27 అంగుళాల రిమ్ము 630, పాత రాడ్ బ్రేకు బండ్ల 28 × 1½ రిమ్ము 635. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, కానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. ఎక్కినా నిలవదు. పాత టైరు పక్కన ఉన్న అంకె చదివాకే కొత్తది కొనండి. ఫ్రేము ఒప్పుకున్నంత వెడల్పు టైరు వేయండి, కానీ చుట్టూ కనీసం 5 ఎంఎం ఖాళీ వదలండి. లేకపోతే ఫోర్కుకీ టైరుకీ మధ్య ఒక చిన్న రాయి ఇరుక్కుని చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. 32 ఎంఎం టైరుకు మీ బరువును బట్టి 45 నుంచి 60 పీఎస్ఐ గాలి చాలు. రాయిలా కొట్టించుకుని వచ్చేవాళ్లు ఒక్క విషయం మర్చిపోతారు. చాలా పాత రిమ్ములకు టైరు అంచును పట్టుకునే లోపలి మడత ఉండదు. గాలి ఎక్కువైతే టైరు ఎగిరి బయటికి వస్తుంది.

బ్రేకు రబ్బరు మీద గోరు నొక్కి చూడండి. గోరు దిగకపోతే అది రబ్బరు కాదు, ఎండిన చెక్క. మార్చేయండి. క్రోమ్ పూత ఉన్న స్టీలు రిమ్ములు తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు. వాటికి తోలు అతికించిన బ్రేకు ముక్కలు వాడాలి. అల్యూమినియం రిమ్ములకు మామూలు రబ్బరే మంచిది. తీగలు రెండూ కొత్తవే వేయండి, ఇందులో పిసినారితనం పనికిరాదు.

హ్యాండిల్ కాడ మీద ‘ఇంతకంటే పైకి లాగొద్దు’ అనే గీత ఉంటే అది లోపలే ఉండాలి. గీత లేకపోతే కాడ కనీసం రెండున్నర అంగుళాలు ఫోర్కు గొట్టంలోకి దిగాలి. చక్రం పుల్లలను జతలుగా వేళ్లతో నొక్కుతూ చుట్టూ రండి. ఏదైనా మెత్తగా వంగితే బెండు తీయించాకే బయల్దేరాలి. తోలు సీటుకు ఇంట్లో ఉన్న నూనె ఏదీ రాయకండి. తోలు మెత్తబడి, ఊయలలా వేలాడుతుంది.

కాటర్ పిన్ను: ఇక్కడ నెమ్మదించండి

మీ క్రాంకు అల్యూమినియంది, చతురస్ర యాక్సిల్‌దీ అయితే ఈ భాగం మీకు అక్కర్లేదు. క్రాంకు బోల్టు బిగుతు చూసుకుని ముందుకు వెళ్లండి. స్టీలు క్రాంకైతే మాత్రం ప్రతి వాక్యం చదవండి.

పిన్ను ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. అది మామూలు బోల్టు కాదు. ఒక పక్క ఏటవాలుగా చదును చేసిన ఉక్కు ముక్క. ఆ చదును ముఖం యాక్సిల్‌కు ఉన్న గాడిలో ఆనుతుంది. పిన్ను లోపలికి దిగేకొద్దీ క్రాంకునూ యాక్సిల్‌నూ ఒకదానికొకటి బిగిస్తుంది. పెడలు మీద మీరు వేసే బరువంతా ఆ ముఖం మీదే పడుతుంది. సన్న చివరన ఉన్న నట్టు పని ఒక్కటే: దిగిన పిన్ను వెనక్కి జారకుండా పట్టుకోవడం. నట్టు తిప్పి పిన్నును లోపలికి లాగాలని చూస్తే మర పోతుంది, పిన్ను మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ‘గట్టిగా బిగించాను, అయినా లూజవుతోంది’ అనేవాళ్లంతా చేసేది ఇదే.

ముందు పరీక్ష. క్రాంకులను అడ్డంగా ఉంచి, ఒక చేత్తో కుడి పెడలు, ఇంకో చేత్తో ఎడమ పెడలు పట్టుకుని రెండింటినీ ఒకేసారి కిందికి నొక్కండి. సగం చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. వెంట్రుక వాసి కదలిక ఉన్నా పిన్ను అరిగినట్టే. ఆ పిన్నును బయటికి తీసి చదును ముఖాన్ని వెలుతురులో పెడితే తెలుస్తుంది: మధ్యలో యాక్సిల్ అంచు నొక్కిన చోట చిన్న మెట్టు పడి ఉంటుంది, గోరుతో రాస్తే తగులుతుంది. అలాంటి పిన్నును మళ్లీ వేయకూడదు. ఆకురాయితో సాపు చేసి వేద్దామని అసలే అనుకోకండి. దాంతో ఇంకా సన్నబడుతుంది. అలాగే తొక్కుతూ పోతే తర్వాత అరిగేది యాక్సిల్. పిన్ను చిల్లర ఖర్చు, యాక్సిల్ వెతికి పట్టుకోవాలి.

తీయడం. నట్టును విప్పి, దాని అంచు మర చివరకి సరిసమానంగా వచ్చేదాకా వెనక్కి తెచ్చి అక్కడే ఉంచండి. దెబ్బ పడినా మర పాడవదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె రెండు వైపులా చుక్కలు చుక్కలుగా వేయండి. మర్నాడు కాటర్ ప్రెస్‌తో (పిన్నును నొక్కి నెట్టే పనిముట్టు) గానీ, బెంచ్ వైసుతో గానీ, దిట్టమైన సి-క్లాంపుతో గానీ నెట్టండి. తల వైపు ఒక చిన్న సాకెట్ పెడితే, నెట్టినప్పుడు పిన్ను అందులోకి దిగుతుంది. ‘టప్’ మని ఒక్కసారిగా వదులుతుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడకండి, మీ క్రాంకు విరగలేదు.

సుత్తి గురించి చెప్పే తీరాలి. ప్రెస్ ఎందుకు, సుత్తితో రెండు తగిలిస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సుత్తితోనూ పని అవుతుంది, నేను చూసిన మెకానిక్కుల్లో ఎక్కువమంది అదే వాడతారు. వాళ్లు బాగుచేసిన బండ్ల బాటమ్ బ్రాకెట్ (క్రాంకు యాక్సిల్ తిరిగే చోటు) ఒక్కటి విప్పి చూడండి. దెబ్బ క్రాంకు నుంచి యాక్సిల్‌కి, యాక్సిల్ నుంచి గోళీలకి, గోళీల నుంచి కప్పులకి పోతుంది. కప్పుల్లో గోళీ ఉన్న చోటల్లా చిన్న గుంట పడుతుంది. ఆ తర్వాత పెడలు తిప్పితే ఇసుక నమిలినట్టు ఉంటుంది, ఎంత గ్రీజు పెట్టినా పోదు. వేరే దారి లేక సుత్తే వాడాల్సి వస్తే, గట్టి నేల మీద ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, పిన్ను తల అందులోకి దిగేలా క్రాంకును దాని మీద ఆనించండి. దెబ్బ నేరుగా నేలకు పోవాలి. బరువైన సుత్తితో నిటారుగా ఒక్క దెబ్బ. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు వేస్తే పిన్ను వంగుతుందే తప్ప బయటికి రాదు. వంగితే ఇక డ్రిల్లింగే.

కొత్తది కొనడం. పాత పిన్నును వెర్నియర్‌తో కొలవండి. ఎక్కువ బండ్లకు 9.5 ఎంఎం, కొన్ని ఫ్రెంచి బండ్లకు 9. అర మిల్లీమీటరే కదా అనుకోకండి, తేడా పిన్ను పట్టనే పట్టదు. చదును ముఖం వాలు కూడా పాతదానితో సరిపోవాలి. రెండూ ఒకే రకానివి, జతగా కొనండి. ఒక వైపు పాతది, ఒక వైపు కొత్తది వేస్తే క్రాంకులు సరిగ్గా ఎదురెదురుగా నిలవవు. తొక్కుతుంటే ఒక కాలు కుంటినట్టు ఉంటుంది.

దిశ. ఇది తప్పనివాళ్లు అరుదు. క్రాంకులు అడ్డంగా ఉన్నప్పుడు ఒక పిన్ను నట్టు పైకి చూస్తుంటే, రెండో పిన్ను నట్టు కిందికి చూడాలి. రెండూ ఒకే వైపు చూస్తున్నాయంటే తప్పు వేశారు.

వేయడం. రంధ్రాన్నీ యాక్సిల్ గాడినీ గుడ్డతో శుభ్రంగా తుడవండి. కొత్త పిన్ను ముఖానికి మార్కర్‌తో నల్లరంగు పూసి, చేత్తో లోపలికి తోసి తీయండి. రంగు ముఖమంతా సమంగా చెరగాలి. ఒక మూలే చెరిగితే, ఆ మూలను ఆకురాయితో నాలుగు సార్లు మాత్రమే రాసి మళ్లీ చూడండి. ఆకురాయిని చదునుగా, నిండు అరచేత్తో పట్టుకుని రాయాలి. ఊపుతూ రాస్తే ముఖం గుండ్రమవుతుంది, ఆ పిన్ను ఇక చెత్తబుట్టకే. ఎంత రాయాలన్నదానికీ ఒక గుర్తు ఉంది: ప్రెస్‌తో పూర్తిగా నెట్టాక వాషరూ నట్టూ పట్టేంత మర బయటికి రావాలి. మర మొత్తం బయటికొచ్చి నట్టు చివరిదాకా తిరిగినా క్రాంకుకు ఆనకపోతే ఎక్కువ రాసేశారు. ఇంకోటి తీసుకోండి.

పిన్నుకు గ్రీజు పెట్టొచ్చా అని పెద్ద వాదన ఉంది. పెట్టకూడదు. పల్చని నూనె ఒక చుక్క, అంతే. పూర్తిగా పొడిగా వేసేవాళ్లు మూడేళ్ల తర్వాత తుప్పుతో అంటుకుపోయిన దాన్ని తీసేటప్పుడు నన్ను తలుచుకుంటారు.

తల వైపు నుంచి నెట్టండి, మర వైపు సాకెట్ ఉంచండి. ఇక కదలదు అన్నంతవరకు నెట్టి, అప్పుడు నట్టు తిప్పండి. పొట్టి పానాతో, ఒక చేత్తో ఎంత వస్తే అంత చాలు. కాసేపు ఎత్తు ఎక్కుతూ తొక్కి రండి. మళ్లీ ప్రెస్ పెట్టి నెట్టండి. ఈసారి ఇంకొంచెం దిగుతుంది, నట్టు అర చుట్టు లూజవుతుంది. మళ్లీ బిగించండి. ఈ రెండో నెట్టుడు మానేసినవాళ్లే కంకర మీద రాయి వెతికేది.

ఇంత కష్టం ఎందుకు, చతురస్ర యాక్సిల్ పెట్టించేస్తే పోలా అనేవాళ్లూ ఉన్నారు. కాటర్ లేని క్రాంకు కొత్తదేమీ కాదు, ఫ్రాన్స్‌లో స్ట్రాంగ్‌లైట్ 1930ల్లోనే తెచ్చింది. కానీ మీ బండి స్టీలు క్రాంకుతో పుట్టింది. సరిగ్గా నెట్టిన కాటర్ పిన్ను ఏళ్ల తరబడి ఉలకదు పలకదు. తప్పు పిన్నుది కాదు, బిగించే చేతిది.

పరీక్ష రైడ్, ఆ తర్వాత అసలు రైడ్

కనీసం వారం ముందు, నిండు సామాన్లతో, నిజంగా గతుకులున్న దారిలో రెండు గంటలు తొక్కండి. కాలనీ తారురోడ్డు మీద తిరగడం పరీక్ష కాదు. వచ్చాక ప్రతి నట్టు మీదా పానా పెట్టి చూడండి. మడ్‌గార్డు స్టేలు (దాన్ని పట్టి ఉంచే కడ్డీలు), క్యారియర్, సీటు బోల్టు, పెడళ్లు. మొదట వదులయ్యేది మడ్‌గార్డు స్టేయే.

గుంపులో తొక్కేటప్పుడు పాత బ్రేకులు కొత్త బ్రేకుల్లా ఆగవని గుర్తుంచుకోండి. ముందు బండికి కనీసం మూడు బండ్ల దూరం. మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ రాకూడదు, కంకర మీద వాళ్లు ఒక జానెడు జారితే ఇద్దరూ పడతారు. గుంత కనిపిస్తే గట్టిగా అరిచి చెప్పండి. దుమ్ములో చెయ్యి చూపిస్తే వెనకవాళ్లకు కనపడదు. దిగుడులో మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకూడదు. పట్టీల పెడళ్లకు కొత్తయితే ఊరు దాటేదాకా ఎడమ పట్టీ బిగించకండి, కాలు తీయడం అలవాటవ్వాలి.

మొదటి మజిలీలో అందరూ ఫొటోలు తీసుకుంటుంటే మీరు రెండు కాటర్ నట్ల మీదా పానా పెట్టి చూడండి. ఇంటికొచ్చాక బండిని నీళ్ల పైపుతో కడగకండి. పాత బేరింగులకు సీళ్లు ఉండవు, నీళ్లతోపాటు దుమ్మంతా లోపలికే పోతుంది. పొడిగుడ్డతో తుడిచి, చైనుకు నూనె వేసి, టైర్లలో గుచ్చుకున్న రాళ్లను చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటిగా తీసేయండి.