డైటీషియన్ రాసిన కప్పు, మన ఇంటి కప్పు

డైటీషియన్ ఇచ్చిన పట్టికలో ‘మధ్యాహ్నం ఒక కప్పు అన్నం’ అని ఉంటే, ముందుగా అడగవలసింది ఒక్కటే: ఏ కప్పు? మా అమ్మకు మధుమేహం కోసం రాసిచ్చిన పట్టికను మూడు వారాలు నిష్ఠగా పాటించాం. ఫలితం అంతంత మాత్రమే. చివరికి తేలిందేమిటంటే, డైటీషియన్ లెక్కలో కప్పు అంటే 200 మిల్లీలీటర్లు. మేము వాడింది సాంబారు గిన్నె, అదీ గోపురంలా నింపి!

తరువాతిసారి మా గిన్నె, గరిటె, నూనె చెంచా సంచిలో వేసుకుని వెళ్లాం. ఆవిడ నవ్వి, వాటితోనే కొలతలన్నీ మళ్లీ రాశారు. మోసుకెళ్లడం ఇబ్బందైతే, గిన్నెలో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడతాయో చూసి చెప్పినా చాలు. రాసింది బియ్యం కొలతా, అన్నం కొలతా అన్నది కూడా తప్పక అడగండి. ఉడికితే బియ్యం బరువు సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు మాత్రం అడగకుండా అన్నం తగ్గించవద్దు, రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు.

నూనెకు వేరే ఉపాయం. రోజుకు మూడు టీస్పూన్లంటే 15 మిల్లీలీటర్లు, నెలకు మనిషికి దాదాపు అర లీటరు. ఒకటో తేదీన ఇంట్లో తలకింత చొప్పున విడిగా సీసాలో పోసి పెట్టండి. ఇరవయ్యో తేదీకే అడుగు కనిపిస్తే, పులిహోర పోపును అనుమానించండి. ఆవకాయ మీద తేలే నూనె ఈ లెక్కలోకి వస్తుందా అన్నదానిపై మా ఇంట్లో వాదన ఇంకా తెగలేదు. వస్తుందనే నా పక్షం.