మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవాళ్లు సహాయ కోచ్ కావాలంటే

రష్యా ఫుట్‌బాల్ జట్టు మాస్కో స్పార్తక్‌కు మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్యలో, 1995 నుంచి 2008 దాకా ఆడిన యెగోర్ తితోవ్, 2015లో అదే జట్టుకు సహాయ కోచ్‌గా వచ్చాడు. అప్పటి హెడ్ కోచ్ ద్మిత్రి అలెనిచెవ్ కూడా ఆ జట్టు పాత మిడ్‌ఫీల్డరే. హన్మకొండలోనో, గోదావరిఖనిలోనో ఏళ్ల తరబడి మధ్యలో ఆడినవాళ్లూ ఈ దారి పట్టొచ్చు. చిక్కల్లా ఒక్కటే: మీ కాళ్లకు తెలిసినదాన్ని పిల్లలకు మాటల్లో చెప్పాలి.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్స్ కోర్సు చేయండి. తర్వాత సి, బి, ఎ, ఆఖరున ప్రో. కోర్సు పిలుపు వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా, తెలిసిన కోచ్ దగ్గర చేరి కోన్లు పెట్టడంతోనే మొదలుపెట్టండి.

మీ చేతికి మొదట వచ్చేది మిడ్‌ఫీల్డర్ల ప్రాక్టీసే. పద్నాలుగేళ్ల పిల్లలకైతే పది మీటర్ల చదరం గీయండి. నాలుగు పక్కలా నలుగురు, మధ్యలో ఒక మిడ్‌ఫీల్డర్, బాల్ లాక్కోవడానికి ఇద్దరు. తొంభై సెకన్లు ఆట, నలభై అయిదు సెకన్ల విశ్రాంతి, ఆరు రౌండ్లు. ప్రతి రౌండ్‌కీ మధ్యలోవాణ్ణి మార్చండి. బాల్ రాకముందే వాడు రెండు భుజాల మీదుగా వెనక్కి చూడాలి, పక్కకు తిరిగి నిలబడి, బాల్ వచ్చే వైపుకు దూరంగా ఉన్న కాలితో అందుకోవాలి. ఎదురుగా నిలబడి దగ్గరి కాలితో ఆపితే వీపు మీదకే డిఫెండర్ వస్తాడు, బాల్ వెనక్కే పోతుంది. అందరూ చేసే తప్పు ఇదే.

పన్నెండు పాస్‌లు అడ్డులేకుండా సాగితే చదరాన్ని మీటరు తగ్గించండి. మూడు కూడా కుదరకపోతే రెండు మీటర్లు పెంచండి. గట్టి నేల మీద బాల్ ఎగిరి ఫస్ట్ టచ్, అంటే బాల్‌ను మొదట అందుకునే తీరు, చెడుతుంది. నిబంధనల ప్రకారం బాల్‌లో గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండొచ్చు కాబట్టి కింది అంకెకు దగ్గరగా ఉంచండి. తప్పు పిల్లాడిదే అనుకునే ముందు బాల్‌ను ఒకసారి నొక్కి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దున ఏడున్నరకల్లా ముగించాలి, పావుగంటకోసారి నీళ్లు తాగించాలి.

మీరు చదరం మూల దగ్గర, బయట నిలబడండి. అక్కణ్నుంచి మధ్యలోవాడూ డిఫెండర్లూ ఒకే చూపులో కనిపిస్తారు. ప్రతి తప్పుకూ ఈల వేయొద్దు. అదే తప్పు మూడోసారి జరిగినప్పుడు అందరినీ ఉన్నచోటే ఆపి, "తమ్మీ, ఇప్పుడు నీ వెనక ఎవరున్నరు?" అని అడగండి. జవాబు వాడితోనే చెప్పించాలి. హెడ్ కోచ్ మాట్లాడేటప్పుడు మీరు ఇంకోటి అరవకండి, పిల్లలు ఆగమైతరు.

మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ ఎన్నిసార్లు సొంత గోల్ వైపు ముఖం పెట్టి బాల్ అందుకున్నాడో నోట్‌బుక్‌లో గీతలు పెట్టండి. హాఫ్ టైమ్‌లో హెడ్ కోచ్‌కు రెండే సంగతులు చెప్పండి, మూడోది వినే టైం ఆయనకు ఉండదు.

2016 ఆగస్టులో అలెనిచెవ్ తప్పుకున్నాక, ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న మాసిమో కరేరా జట్టును అందుకుని ఆ సీజన్‌లోనే లీగ్ గెలిపించాడు. అలాంటి పిలుపు మీకూ ఎప్పుడైనా రావొచ్చు. అందుకే అదే నోట్‌బుక్‌లో హెడ్ కోచ్ వారం ప్లాన్, కార్నర్లప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి ఏ కాలు నొప్పి అన్నవి ప్రతి రోజూ ప్రాక్టీస్ అయిన వెంటనే, గ్రౌండ్ దాటకముందే రాయండి.