తిరుపతికి బయలుదేరే ముందే లైఫ్‌లైన్ ఫోను అర్హతను పునరుద్ధరించుకునే విధానం

అమెరికాలో తక్కువ ఆదాయం గలవారి ఫోను, ఇంటర్నెట్ ఖర్చులో కొంత భాగాన్ని లైఫ్‌లైన్ అనే పథకం భరిస్తుంది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1985లో ప్రారంభించిన ఈ పథకం కింద నెలకు 9.25 డాలర్ల వరకు తగ్గింపు లభిస్తుంది. కొన్ని కంపెనీలు సరిగ్గా ఆ మొత్తానికి సరిపడే ప్లాను ఇస్తాయి కనుక చందాదారు చేతి నుంచి ఏమీ చెల్లించవలసిన అవసరం ఉండదు. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతాల నుంచి పిల్లల దగ్గరకు వెళ్లి, గ్రీన్‌కార్డో పౌరసత్వమో పొంది, అక్కడి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం గలవారి ఆరోగ్య బీమా) వంటి ప్రభుత్వ సహాయం అందుకుంటున్న పెద్దలకు ఈ ఫోను ఒక ఆసరా. అయితే వారు ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ గడుపుతారు. గంగ జాతరకో, బ్రహ్మోత్సవాలకో వచ్చి భవానీనగర్‌లోని సొంత ఇంట్లో ఉన్న సమయంలో అర్హత పునరుద్ధరణ ఉత్తరం అక్కడి చిరునామాకు చేరి, ఎవరూ తెరవకుండా పడి ఉండవచ్చు. నియమాలు కష్టమైనవి కావు. రెండు దేశాల మధ్య తిరిగేవారికి వాటి గడువులే చిక్కు తెస్తాయి.

మన విశ్రాంత ఉద్యోగులు ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించినట్లే లైఫ్‌లైన్ చందాదారులు కూడా ఏడాదికొకసారి తమ అర్హతను మళ్లీ నిరూపించుకోవాలి. దీన్ని అక్కడ రీసర్టిఫికేషన్ అంటారు. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ పింఛనుదారు జీవించి ఉన్నట్లు తేలితే చాలు. అక్కడ ఏ కారణంతో తగ్గింపు ఇచ్చారో ఆ కారణం నేటికీ నిలిచి ఉందని తేలాలి. ఈ తేడా మనసులో ఉంటే మిగిలిన నియమాలు సులభంగా అర్థమవుతాయి.

పథకాన్ని నిర్వహించే సంస్థ యూనివర్సల్ సర్వీస్ అడ్మినిస్ట్రేటివ్ కంపెనీ. ఏడాది గడువు దగ్గర పడినప్పుడు ఆ సంస్థ ముందుగా ప్రభుత్వ సమాచార నిధుల్లో మీ పేరు వెతుకుతుంది. మీరు ఇంకా మెడికెయిడ్‌లోనో, స్నాప్ అనే ఆహార సహాయ పథకంలోనో ఉన్నట్లు అక్కడే తెలిసిపోతే మీరు చేయవలసింది ఏమీ ఉండదు. పేరు దొరకకపోతే మాత్రం అర్హత నిరూపించుకోమని ఉత్తరం పంపుతుంది. ఆ ఉత్తరానికి 60 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. గడువు తేదీ ఉత్తరంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని చూడగానే గోడ క్యాలెండర్‌లో రాసుకోవడం మంచిది. నిరుడు ఏమీ చేయకుండానే గడిచిపోయింది కనుక ఈ ఏడాది కూడా అలాగే గడుస్తుందని అనుకోకూడదు. పేరు దొరకడం, దొరకకపోవడం మన చేతిలో లేని విషయం.

జవాబు ఇవ్వడానికి మూడు మార్గాలు ఉన్నాయి. లైఫ్‌లైన్‌సపోర్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి పూర్తి చేయవచ్చు. 855-359-4299 నంబరుకు ఫోను చేసి, యంత్రం అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చు. లేదా 5630 అనే సంఖ్య గల వార్షిక పత్రాన్ని నింపి, సంతకం చేసి, ఉత్తరంలో సూచించిన చిరునామాకు తపాలాలో పంపవచ్చు. తిరుపతిలో ఉన్నవారు తపాలా మార్గాన్ని ఎంచుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇక్కడి ప్రధాన తపాలా కార్యాలయం నుంచి అమెరికాకు పత్రం చేరడానికి పట్టే కాలమంతా ఆ 60 రోజుల్లోనే కలిసిపోతుంది; అందులో ఏదైనా లోపం ఉందని వారు తిప్పి అడిగితే సరిదిద్దుకునే వ్యవధి మిగలదు. అక్కడ ఉన్న అబ్బాయో కోడలో వెబ్‌సైట్‌లో వివరాలు నింపిపెట్టవచ్చు గాని, చివరన ఉండే ప్రమాణ వాక్యాలు మాత్రం మీవి. అబద్ధం చెబితే శిక్షకు లోబడతానని ఒప్పుకుంటూ చేసే ప్రమాణం అది. అందువల్ల వారు వీడియో కాల్‌లో ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చదివి వినిపించి, మీరు ఒప్పుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి.

అయితే కాలిఫోర్నియా, టెక్సాస్, ఒరెగాన్ రాష్ట్రాల్లో ఉన్నవారికి ఈ పద్ధతి యథాతథంగా వర్తించకపోవచ్చు. అక్కడ పునరుద్ధరణ ఆయా రాష్ట్రాల సొంత ఏర్పాట్ల ప్రకారం జరగవచ్చు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్, హ్యూస్టన్, బే ఏరియా ఈ రాష్ట్రాల్లోనే ఉన్నాయి కనుక, ఉత్తరం ఏ కార్యాలయం పేరుతో వచ్చిందో ముందుగా చూసి ఆ కార్యాలయానికే జవాబు ఇవ్వాలి.

ఇక పేర్లు, తేదీల సంగతి. మన ప్రాంతపు పెద్దల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. ఇక్కడి పాత కాగితాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విడమరిచి వేరే గడిలో ఉంటుంది. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ (అమెరికా సామాజిక భద్రతా వ్యవస్థ) కార్డు మీద ఒక రకంగా, మెడికెయిడ్ కార్డు మీద మరొక రకంగా, లైఫ్‌లైన్ దరఖాస్తులో మూడో రకంగా పేరు ఉంటే యంత్రం వాటిని ఒకే మనిషివిగా గుర్తించలేకపోవచ్చు. పునరుద్ధరణకు ముందు ఈ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు కాకుండా అధికారిక పత్రాల్లో ఉన్న పేరునే రాయాలి. పుట్టిన తేదీ కూడా అంతే. బడిలో చేర్చేటప్పుడు రాయించిన తేదీయే పాస్‌పోర్టులోకి ఎక్కి ఉంటే లైఫ్‌లైన్‌కూ అదే ఇవ్వాలి. పైగా అమెరికాలో నెల ముందు, తేదీ తరువాత రాస్తారు. 07/04 అంటే అక్కడ జులై 4 అని అర్థం, ఏప్రిల్ 7 కాదు. ఫోనులో యంత్రానికి జవాబు చెప్పేటప్పుడు కూడా నెల అంకెనే ముందు నొక్కాలి.

అర్హతకు ఆధారం రెండు రకాలు. మొదటిది, ఏదైనా నిర్దిష్ట ప్రభుత్వ పథకంలో ఉండటం: మెడికెయిడ్, స్నాప్, ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం గల వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా ఇచ్చే నగదు సహాయం), ఫెడరల్ గృహ సహాయం, మాజీ సైనికుల పింఛను వంటివి. రెండవది ఆదాయం. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 135 శాతానికి మించకూడదు. 2025 ప్రమాణాల ప్రకారం చాలా రాష్ట్రాల్లో ఒంటరిగా ఉండేవారికి ఏడాదికి సుమారు 21,128 డాలర్లు, ఇద్దరున్న కుటుంబానికి సుమారు 28,553 డాలర్లు పరిమితి. ఈ అంకెలు ఏటా మారుతాయి కనుక పునరుద్ధరణ జరిగే ఏడాది లెక్కనే చూసుకోవాలి.

ఇక్కడ మెడికెయిడ్, మెడికేర్ అనే రెండు పేర్లను కలిపేసుకునేవారికి ఒక హెచ్చరిక. మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారి ఆరోగ్య బీమా. అది ఒక్కటే ఉంటే లైఫ్‌లైన్ రాదు. మెడికెయిడ్ తక్కువ ఆదాయం గలవారిది, అది లెక్కలోకి వస్తుంది. దానికి కూడా రాష్ట్రాన్ని బట్టి పేరు మారుతుంది. కాలిఫోర్నియాలో మెడి-కాల్ అని, మసాచుసెట్స్‌లో మాస్‌హెల్త్ అని పిలుస్తారు. రుజువుగా కాగితం అడిగితే, మీ పేరు, పథకం పేరు, ఇచ్చిన కార్యాలయం పేరు, తేదీ ఉన్న ఉత్తరం జతచేయాలి. అది గడిచిన 12 నెలల్లో జారీ అయినదిగానైనా ఉండాలి, లేదా దాని కాలపరిమితి ఇంకా ముగియనిదిగానైనా ఉండాలి. ఆదాయం ఆధారమైతే నిరుటి పన్ను రిటర్న్, లేదా సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చే వార్షిక ప్రయోజన పత్రం వంటివి చూపాలి.

మెడికెయిడ్‌ను కూడా కాలానుగుణంగా పునరుద్ధరించుకోవాలి. అది ఆగిపోతే దాని మీద ఆధారపడిన లైఫ్‌లైన్ కూడా తనిఖీలో నిలవదు. అందువల్ల రెండు ఉత్తరాలూ దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు మెడికెయిడ్ పని ముందు చూసుకుని, ఆ మంజూరు కాగితం చేతికి వచ్చాక లైఫ్‌లైన్‌కు జవాబు ఇవ్వడం సరైన వరుస.

కుటుంబం అన్న మాటకు ఈ పథకంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆదాయాన్నీ ఖర్చులనూ పంచుకునేవారంతా ఒక కుటుంబం. ఒక కుటుంబానికి ఒకటే లైఫ్‌లైన్. కలిసి ఉంటున్న భార్యాభర్తలకు చెరొకటి రాదు. కొడుకు ఇంట్లో ఉంటూ ఆదాయం ఆధారంగా దరఖాస్తు చేసేవారు, ఖర్చులు కలిసే ఉంటే కొడుకు జీతాన్ని కూడా చూపాలి. మెడికెయిడ్ ఆధారంగా అయితే ఆ లెక్క అవసరం రాదు. మా సంపాదన మాది, మా అబ్బాయిది అబ్బాయిది అని నోటితో చెప్పడం వేరు, ఇల్లు నిజంగా ఎలా నడుస్తోందన్నది వేరు. రెండవదే ఇక్కడ చెల్లుతుంది.

తిరుపతికి వచ్చిన తరువాత

వార్షిక పునరుద్ధరణను సక్రమంగా చేసుకున్నవారికి కూడా ఫోను ఆగిపోయే మార్గం మరొకటి ఉంది. నెలనెలా ఏమీ చెల్లించని ప్లానైతే 30 రోజుల్లో ఒక్కసారైనా దాన్ని వాడాలి. బయటికి ఒక కాల్ చేయడం, ఒక సందేశం పంపడం, డేటా వాడటం, కంపెనీ కాని ఇతరుల కాల్ అందుకోవడం, వీటిలో ఏది చేసినా సరిపోతుంది. 30 రోజులు వాడకం లేకపోతే కంపెనీ హెచ్చరిక పంపి మరో 15 రోజులు ఆగుతుంది. అప్పటికీ వాడకపోతే తగ్గింపు రద్దవుతుంది. అంటే మూడు నెలలు ఇక్కడ ఉండాలనుకుని వచ్చి, ఫోనును అక్కడి బీరువాలో వదిలి వస్తే, తిరిగి వెళ్లేసరికి ఆ సిమ్ పనిచేయకపోవచ్చు. ఆ ఫోనును మనవడికి ఇచ్చి అప్పుడప్పుడూ వాడమనడం పరిష్కారం కాదు. ఈ తగ్గింపు చందాదారుకు మాత్రమే, మరొకరికి బదిలీ చేయడానికి నియమాలు ఒప్పుకోవు. బయలుదేరే ముందు కంపెనీకి ఫోను చేసి, ఆ ప్లాను విదేశంలో పనిచేస్తుందో లేదో, పనిచేయకపోతే ఏం చేయాలో అడగడమే సవ్యమైన దారి.

ఎస్‌ఎస్‌ఐ ఆధారంగా లైఫ్‌లైన్ పొందుతున్నవారికి ప్రయాణం ఇంకొక ప్రశ్నను తెస్తుంది. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగుతుంది. తిరిగి వెళ్లాక అక్కడ వరుసగా 30 రోజులు గడిపితేనే మళ్లీ మొదలవుతుంది. ప్రయాణం సంగతి సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి ముందే చెప్పాలి. ఆ డబ్బు ఆగి, అర్హతకు వేరే ఆధారం కూడా లేకపోతే, ఆ విషయాన్ని 30 రోజుల్లోగా ఫోను కంపెనీకి తెలియజేయవలసిన బాధ్యత చందాదారుదే. మెడికెయిడ్ విషయంలో దీర్ఘకాలం రాష్ట్రంలో లేకపోవడాన్ని ఒక్కో రాష్ట్రం ఒక్కో విధంగా చూస్తుంది కనుక, టిక్కెట్టు కొనే ముందే అక్కడి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పిల్లలు ఇల్లు మారితే కొత్త చిరునామాను కూడా 30 రోజుల్లోగా తెలియజేయాలి.

కాబట్టి చెన్నై విమానానికి సామాను సర్దుకునే వారంలోనే మూడు పనులు ముగించుకోవాలి. గత పునరుద్ధరణ ఏ నెలలో జరిగిందో చూసుకుని, మీరు ఇక్కడ ఉండే కాలంలో మళ్లీ ఆ నెల వస్తుందేమో లెక్క వేయాలి. వస్తుందనుకుంటే, లైఫ్‌లైన్ కార్యాలయం నుంచి వచ్చే ప్రతి కవరునూ వెంటనే తెరిచి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని ఇంట్లో ఒకరికి అప్పగించాలి. అందరికీ చెబితే ఎవరూ తెరవరు. వెబ్‌సైట్ ఖాతా పాస్‌వర్డును, దానికి జతచేసిన ఈమెయిల్‌ను తిరుపతిలో కూడా తెరవగలిగేలా చూసుకోవాలి. ధ్రువీకరణ అంకెలు అమెరికా నంబరుకే వచ్చేలా పెట్టుకుంటే, ఆ సిమ్ ఇక్కడ పనిచేయనప్పుడు ఖాతా తలుపులు మూసుకుపోతాయి.

సందేహం వస్తే లైఫ్‌లైన్ సహాయ కేంద్రాన్ని 800-234-9473 నంబరులో సంప్రదించవచ్చు. అక్కడి తూర్పు ప్రాంత కాలమానం ప్రకారం ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు పనిచేస్తారు. మన గడియారంలో అది వేసవిలో సాయంత్రం 6:30 నుంచి మరునాటి ఉదయం 6:30 వరకు, చలికాలంలో ఒక గంట ఆలస్యంగా. ఉచిత నంబర్లు ఇక్కడి ఫోన్ల నుంచి కలవకపోవచ్చు కనుక అక్కడి కుటుంబ సభ్యుడు కాల్ చేసి మిమ్మల్ని కాన్ఫరెన్స్‌లో కలపడం సులభం. ఈ పునరుద్ధరణకు ఏ రుసుమూ లేదు. డబ్బు కట్టమనో, గిఫ్ట్ కార్డు కొనమనో, సోషల్ సెక్యూరిటీ నంబరు మొత్తం వాట్సాప్‌లో పంపమనో ఎవరైనా అడిగితే అది మోసమే. అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ అనే పాత ఇంటర్నెట్ తగ్గింపు పథకం పేరుతో నెలకు 30 డాలర్లు ఇప్పిస్తామనే సందేశాలను కూడా నమ్మకూడదు. నిధులు అయిపోవడంతో ఆ పథకం 2024 జూన్ 1న ముగిసింది.

గడువు దాటిపోతే

60 రోజులు దాటి తగ్గింపు రద్దయితే, రద్దయిన పునరుద్ధరణను మళ్లీ తెరవమని అడిగి ప్రయోజనం ఉండదు. అర్హత ఉన్నవారు మొదటిసారి చేసినట్లే 5629 సంఖ్య గల కొత్త దరఖాస్తు పెట్టి, మంజూరైన తరువాత కంపెనీలో చేరాలి. తగ్గింపు మళ్లీ వచ్చినా పాత నంబరు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. బ్యాంకు, ఆసుపత్రి, మెడికెయిడ్ ఖాతాలన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి కాబట్టి, రద్దయిందని తెలిసిన రోజునే కంపెనీకి ఫోను చేసి నంబరును నిలుపుకునే అవకాశం ఉందేమో అడిగి, ఆ తరువాతే దరఖాస్తు పని మొదలుపెట్టాలి.