హుడ్ వేసుకున్నప్పుడు మాస్క్‌లోకి నీరు చేరకుండా చూసుకోవడం ఎలా?

మన తీరంలో సముద్రపు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం గోరువెచ్చగానే ఉంటుంది కదా, స్కూబా డైవింగ్‌కు వెళ్లేటప్పుడు తలకు నియోప్రీన్ హుడ్ (ముఖం మాత్రం వదిలి తలనూ మెడనూ కప్పే మెత్తటి రబ్బరు తొడుగు) ఎందుకని చాలామంది అడుగుతారు. నీటి ఉష్ణవాహకత గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి, ఒకే రోజు రెండు మూడు సార్లు దిగేవారికి వెచ్చటి నీటిలో కూడా క్రమంగా చలి పడుతుంది. పైగా శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర, విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగిన ఓడల శిథిలాలను చూడడానికి వెళ్లేవారికి, తుప్పు పట్టిన ఇనుము నుంచీ జెల్లీఫిష్ నుంచీ హుడ్ కొంత రక్షణ ఇస్తుంది. అయితే హుడ్ వేసుకున్న మొదటి రోజే, కళ్లనూ ముక్కునూ కప్పి, అంతవరకూ చుక్క నీరు రానివ్వని మాస్క్ కారడం మొదలవుతుంది. అప్పుడు అందరూ మాస్క్‌నే తప్పుపడతారు. తప్పు సాధారణంగా మాస్క్‌ది కాదు, హుడ్ అంచుది.

మాస్క్ అద్దం చుట్టూ ఉండే మెత్తటి సిలికాన్ అంచును స్కర్ట్ అంటారు. అది నేరుగా చర్మానికి అతుక్కుంటేనే నీరు ఆగుతుంది. మధ్యలో ఒక వెంట్రుక పాయ గానీ, హుడ్ అంచు మడత గానీ ఇరుక్కుంటే అక్కడ సన్నని దారి ఏర్పడి, ఆ దారిలోనే నీరు లోపలికి వస్తుంది. నేను చింతపల్లి దగ్గర మొదటిసారి హుడ్‌తో దిగినప్పుడు ఆరేడు సార్లు మాస్క్‌లోని నీటిని బయటికి ఊది, సిలిండర్‌లోని గాలి వృథా చేసుకుని, విసుగుతో పైకి వచ్చేశాను. పడవ ఎక్కి చూసుకుంటే, నుదుటి దగ్గర బొటనవేలంత మేర హుడ్ అంచు స్కర్ట్ కింద నలిగి ఉంది. అంత చిన్న పొరపాటుకు ఆ రోజు డైవ్ మొత్తం పోయింది.

కాబట్టి వేసుకునే వరుస ముఖ్యం. ముందుగా ముఖాన్ని తుడుచుకోవాలి. తలకు రాసుకున్న కొబ్బరినూనె నుదుటి మీదికి జారినా, సన్‌స్క్రీన్ మందంగా రాసుకున్నా స్కర్ట్ జారుతుంది. ఆ తరువాత హుడ్‌ను నీటిలో తడిపి తలకు తొడిగి, దాని ముఖద్వారపు అంచును చుట్టూ వెలుపలికి మడవాలి. అలా చేస్తే నుదురు, కణతలు, దవడ పైభాగం పూర్తిగా బయటపడతాయి. ముంగురులన్నీ వేళ్లతో వెనక్కి నెట్టిన తరువాతే మాస్క్‌ను ముఖానికి ఆనించి, పట్టీని హుడ్ మీదుగా తల వెనుక ఉబ్బెత్తు భాగానికి తీసుకుపోవాలి. ఇప్పుడు మడిచిన అంచును నుదుటి దగ్గర మొదలుపెట్టి, కణతల మీదుగా గడ్డం వైపు కొద్దికొద్దిగా విప్పుకుంటూ స్కర్ట్ పైకి తీసుకురావాలి. ఏ చోటా హుడ్ స్కర్ట్ కిందికి పోకూడదు. మీకు మీరు చూసుకోలేరు కనుక, జోడీగా దిగే వ్యక్తి చేత చుట్టూ వేలు తిప్పించి సరిచూసుకోవడం మంచిది.

జడ ఉన్నవారు దానిని మెడ దగ్గర కిందికి వదులుకోవాలి. కొప్పు వేస్తే అది హుడ్ లోపల గుట్టలా లేచి పట్టీని పైకి తోస్తుంది.

ఇక మీసం సంగతి. మన వైపు మీసం తీయమంటే వినేవారు తక్కువ, తీయనవసరం కూడా లేదు. ముక్కు కింద స్కర్ట్ ఆనే చోట సన్నని గీతంత మేర నున్నగా గీసుకుంటే చాలు. అదీ ఇష్టం లేనివారు అక్కడ సిలికాన్ గ్రీజు పలుచగా రాసుకోవచ్చు.

పట్టీని ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం అందరూ చేసే పొరపాటు. అతిగా బిగిస్తే స్కర్ట్ వంకర తిరిగి, ముడతల గుండా నీరు వస్తుంది. లోతుకు వెళ్లే కొద్దీ నీటి ఒత్తిడే మాస్క్‌ను ముఖానికి అదిమి పడుతుంది. 10 మీటర్ల దగ్గర మొత్తం ఒత్తిడి ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది కాబట్టి, దిగుతున్నప్పుడు ముక్కు ద్వారా మాస్క్‌లోకి కొద్దికొద్దిగా గాలి వదలడం మరచిపోకూడదు.

పడవలోనే ఒక పరీక్ష చేయాలి. పట్టీని వదులుగా ఉంచి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి ఊపిరి బిగబట్టినప్పుడు మాస్క్ ముఖానికి అతుక్కుని ఉండాలి. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను పళ్లతో పట్టుకున్నాక ఇదే పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే అప్పుడు బుగ్గల ఆకారం మారుతుంది. తలను అటూ ఇటూ తిప్పినా పట్టు సడలకపోతేనే నీటిలోకి దిగాలి.

నీటిలో కారితే, నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు గమనించాలి. పైనుంచి వస్తే జుట్టు గానీ నుదుటి దగ్గరి హుడ్ అంచు గానీ కారణం కావచ్చు. ముక్కు కింద నుంచి వస్తే మీసమో, నవ్వినప్పుడు పడే బుగ్గ ముడతో అయి ఉంటుంది. ఒక చేత్తో మాస్క్‌ను అదిమిపట్టి, రెండో చేతి వేలితో హుడ్ అంచును స్కర్ట్ కింద నుంచి బయటికి లాగి, ఆపై తల కాస్త పైకెత్తి, ఫ్రేము పైభాగాన్ని నొక్కి ముక్కుతో గాలి వదిలితే నీరు పోతుంది. వంశధార, నాగావళి వరదనీరు కలిసి సముద్రం బురదగా ఉన్న రోజుల్లో ఇవన్నీ లోతుకు వెళ్లాక కాక, జోడీ కంటికి కనిపించే లోతులోనే ముగించుకోవాలి. రెండు మూడు ప్రయత్నాల తరువాతా కారుతూనే ఉంటే నెమ్మదిగా పైకి రావాలి.

మాస్క్ కోసం హుడ్‌ను మరీ బిగుతుగా ఎంచుకోవడం ప్రమాదకరం. మెడను నొక్కే హుడ్ వల్ల తల తిరగవచ్చు. అలా అనిపిస్తే వెంటనే డైవ్ ఆపాలి. చెవులను గాలి చొరకుండా మూసేసే హుడ్ వల్ల కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది. అందుకే దిగీ దిగగానే చెవుల దగ్గర హుడ్‌ను కాస్త లాగి లోపలికి నీరు పోనివ్వాలి. కొనేటప్పుడు మీ మాస్క్‌ను వెంట తీసుకెళ్లి, రెండూ కలిపి వేసుకుని చూడండి. మన నీటికి 3 మిల్లీమీటర్ల మందం చాలు, 5, 7 మిల్లీమీటర్లవి చల్లటి సముద్రాలకు ఉద్దేశించినవి.

ఇంటికి వచ్చాక హుడ్‌ను మంచినీటితో కడిగి, ముఖద్వారపు అంచు మడతపడకుండా నీడలో ఆరబెట్టండి. అక్కడ పడిన మడత నిలిచిపోతే, మరుసటిసారి నీరు సరిగ్గా ఆ చోటనే కారుతుంది.