ఉష్ణమండలానికి తొలి ప్రయాణం – రెండో పాఠం: గైడ్‌బుక్ ఎంపిక, రోజుల లెక్క

మొదటి పాఠం చివర, వెళ్లదలచిన దేశాన్నీ సెలవు దొరికే నెలనూ కాగితం మీద రాసుకోమన్నాం. పుస్తకాల షాపుకు వెళ్లేముందు ఆ కాగితం మీద ఇంకో మాట చేర్చాలి: ఆ దేశంలో ఏ వైపుకు?

ఉష్ణమండలంలో చాలాచోట్ల ఏడాదిని వాన పడే నెలలు, పడని నెలలుగా విడదీసి చూడాలి. చిక్కేమిటంటే ఒకే దేశంలో రెండు తీరాలకు రెండు లెక్కలుంటాయి. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ ఉన్న పడమటి తీరానికి మే నుంచి అక్టోబరు దాకా వానలు. కో సముయ్ దీవి ఉన్న తూర్పు వైపు జోరువానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందులోనూ నవంబరులో మరీ ఎక్కువ. శ్రీలంక నైరుతి తీరం మే నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాలకు తడుస్తుంటే, అవే నెలల్లో తూర్పున ట్రింకోమలీ పొడిగా ఉంటుంది. అందుకే ‘ఆగస్టులో శ్రీలంక వెళ్లొచ్చా?’ అని అడిగితే జవాబు తేలదు. ‘ఆగస్టులో ట్రింకోమలీ వెళ్లొచ్చా?’ అంటే తేలుతుంది. కరీబియన్ దీవులైతే తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, ఉద్ధృతి సెప్టెంబరులో. మడగాస్కర్, మారిషస్ వైపు అది తలకిందులు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

ఇక పుస్తకం. అట్ట చూడకండి, ముందు కాపీరైట్ పేజీ తెరవండి. అక్కడ కూర్పు ఏ సంవత్సరానిదో, పునర్ముద్రణ ఏ సంవత్సరానిదో వేరువేరుగా ఉంటాయి. పునర్ముద్రణ అంటే పాత పేజీలనే మళ్లీ అచ్చు వేయడం. లోపలి సమాచారం మారదు. కొత్త కూర్పులో కూడా రచయితలు ఆ ఊళ్లు తిరిగింది పుస్తకం బయటికి రావడానికి చాలా నెలల ముందే. కాబట్టి ధరలు, బస్సు వేళలు, హోటళ్ల ఫోన్ నంబర్లు మీరు చదివేనాటికే పాతబడి ఉంటాయని అనుకోండి. ధరల్ని నిష్పత్తిగా వాడుకుంటే మాత్రం పనికొస్తాయి: ఒక రాత్రి గది అద్దె రెండు భోజనాలంతా, పది భోజనాలంతా? ఆ పోలిక ధరలంత త్వరగా మారదు. ఊరి అమరిక, దూరాలు, వాతావరణం, చరిత్ర చెప్పే అధ్యాయాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాటికోసం పాత కూర్పు కొన్నా నష్టం లేదు.

ఇప్పుడు పరీక్ష. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, మీరు మూడు రాత్రులు ఉండబోయే ఒకే ఊరి పేజీలు రెండింటిలోనూ చదవండి. చూడదగ్గ స్థలాల వర్ణన ఎవరైనా రాస్తారు. పుస్తకం సత్తా తేలేది రాకపోకల పేరాలో. బస్టాండు ఊరి నడిబొడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు, పడవ ఎన్ని గంటలు పడుతుంది, ఆఖరి పడవ దాటిపోతే ఏం చేయాలి, ఇవి ఉన్నాయా? మ్యాపులో స్కేలు గీత ఉందా? ఫలానా చోటికి వెళ్లనక్కర్లేదని ఎక్కడైనా చెప్పారా? ప్రతి బీచినీ స్వర్గమన్న పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేయండి. ఎంచుకోవడంలో అది మీకు సాయపడదు. వర్షపాతం పట్టిక దేశం మొత్తానికి ఒక్కటే ఇచ్చారా, ప్రాంతాలవారీగా ఇచ్చారా అన్నది చివరి పరీక్ష. ఐదారు దేశాలను ఒకే సంపుటిలో కుదించిన లావుపాటి పుస్తకాలు దేశాలు దాటుకుంటూ పోయేవాళ్లకు సరిపోతాయి. ఒకే దేశంలో రెండు వారాలుండేవాళ్లకు వాటిలో చిన్న ఊళ్లు దొరకవు.

వీసా, టీకాల విషయంలో ఏ పుస్తకాన్నీ నమ్మి ఆగిపోవద్దు. నిబంధనలను ఆ దేశ రాయబార కార్యాలయం దగ్గరే సరిచూసుకోవాలి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం టీకా వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది; 2016 జూలై నుంచి అది జీవితకాలానికి సరిపోతుంది. ఆ జ్వరమున్న దేశంలో విమానం మారినా కొన్ని దేశాలు ఈ పత్రం అడుగుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు తరచూ ఇక్కడే దెబ్బతింటారు. మలేరియా మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాకా కొనసాగించాలి. ఎన్నాళ్లన్నది మందును బట్టి మారుతుంది. అందుకే ఆరు వారాల ముందే డాక్టరును కలవండి.

రోజులు పంచేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఊళ్లు ఎక్కువ పెట్టుకోవడం. బస మారిన ప్రతిసారీ కనీసం అర పూట, పడవ ఎక్కాల్సి వస్తే రోజంతా పోతుంది. 14 రోజులకు మూడు బసలు చాలు. దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో రాసుకోండి. దిగిన మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు. ఎండకూ ఉక్కకూ ఒళ్లు అలవాటు పడాలి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు ఏడాది పొడవునా దాదాపు ఆరింటికే అస్తమిస్తాడు, అరగంటలో చీకటి పడిపోతుంది. కొత్త ఊరికి నాలుగింటిలోపు చేరేలా చూసుకోండి. వానకాలంలో చాలాచోట్ల జల్లు మధ్యాహ్నం తర్వాతే కాబట్టి నడకలు, పడవ షికార్లు ఉదయాన పెట్టుకోవాలి. కొండలకు వెళ్తే ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల దాకా చల్లబడుతుందని గుర్తుంచుకుని ఒక స్వెట్టర్ చేర్చండి.

దీవికి వెళ్తుంటే, తిరుగు విమానానికి ముందు రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే గడపాలి. సముద్రం పోటెత్తితే పడవలు ఆపేస్తారు, విమానం మాత్రం మీకోసం ఆగదు. స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు ఆ రాత్రి మరో రకంగానూ అవసరం: వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. లేకపోతే ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్, విమానంలో గాలి పీడనం తగ్గగానే బుడగలు కడుతుంది.

ఈ వారం అభ్యాసం: 14 వరుసల పట్టిక గీసి, ప్రతి వరుసలో బస, ప్రయాణ గంటలు, ఉదయం చేసే ఒకే ఒక్క పని రాయండి. రెండు వరుసల్ని పూర్తిగా ఖాళీగా వదలండి. మూడో పాఠంలో ఈ పట్టికను పక్కన పెట్టుకుని డబ్బు లెక్క వేద్దాం.