షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి వైరల్ జ్వరం వస్తే ఇంట్లో ఎలా చూసుకోవాలి?

వానలు మొదలయ్యాయంటే బెజవాడలో ఇంటికో జ్వరం ఉంటుంది. పాతికేళ్ళ కొడుక్కి వచ్చిన జ్వరాన్నీ, పదేళ్ళుగా షుగరు బిళ్ళలు మింగుతున్న తండ్రికి వచ్చిన జ్వరాన్నీ చాలా ఇళ్ళల్లో ఒకేలా చూస్తారు. ఒక పారాసిటమాల్, పాలూ బ్రెడ్డూ, కప్పుకోడానికి దుప్పటి. మూడో రోజుకి కొడుకు లేచి బండి తీస్తాడు, ఐదో రోజుకి తండ్రి ఐసీయూలో ఉంటాడు. వైరస్ ఇద్దరిలోనూ అదే, ఒళ్ళే వేరు. ఇళ్ళకి వెళ్ళి షుగరు, గుండె జబ్బులవాళ్ళని చూసుకునే నర్సుని నేను. ఈ పని ఎలా చేయాలో ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు కారణం తెలియాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే తెల్లకణాలు మందగిస్తాయి, సూక్ష్మజీవుల్ని వెంటనే పట్టుకోలేవు. బీపీ, షుగరు కలిసి ఏళ్ళ తరబడి రక్తనాళాల లోపలి పొరని పాడుచేసి ఉంటాయి. ఇన్ఫెక్షన్‌లో వచ్చే వాపు మళ్ళీ ఆ పొర మీదే పడుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు ఉన్నవాళ్ళకి పడుకుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగ్గా తెరుచుకోదు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి దాదాపు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. నాళాలు ఇప్పటికే సన్నబడి ఉంటే ఆ భారం గుండెకి చిన్నది కాదు. 2009 స్వైన్ ఫ్లూలో స్థూలకాయులూ, 2020 కోవిడ్‌లో షుగరు, గుండె జబ్బులవాళ్ళూ ఎక్కువగా దెబ్బతినడానికి కారణాలు ఇవే. కెనడాలో చేసిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. ఫ్లూ అని తేలిన తర్వాత మొదటి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే దాదాపు 6 రెట్లు ఉంటుందని అందులో తేలింది.

కావలసినవి

డిజిటల్ థర్మామీటరు, గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు, జబ్బకి కట్టే బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు, ఒక లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక నోటుపుస్తకం. మణికట్టుకి కట్టే బీపీ మిషను కొనకండి. అంకెలు ఫోన్లో కాదు, పుస్తకంలోనే రాయాలి. పగలు కోడలు చూస్తుంది, రాత్రి కొడుకు చూస్తాడు. ఫోను ఎవరి జేబులో వాళ్ళది, పుస్తకం మాత్రం మంచం పక్కనే ఉంటుంది.

కొలవడం

జ్వరం ఉన్నన్నాళ్ళూ షుగరు 4 నుంచి 6 గంటలకోసారి చూడాలి. బీపీ పొద్దునా సాయంత్రం, ఆక్సిజన్ రోజుకి మూడుసార్లు. వేలు గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి తుడవాలి. నూజివీడు రసం పిసికిన చేత్తో పరీక్ష చేస్తే వేలికంటిన తీపిని కూడా మీటరు లెక్కేస్తుంది. వేలి కొసన కాదు, పక్కన గుచ్చండి. ఆక్సీమీటరుని గోళ్ళరంగు గానీ చిక్కటి గోరింటాకు గానీ లేని వేలికి పెట్టి, అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి.

తిండీ నీళ్ళూ

లంఖణం పరమౌషధం అన్నమాట షుగరు మందులు వాడేవాళ్ళకి పనికిరాదు. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టాలి. బార్లీ జావ, పల్చటి మజ్జిగ, ఇడ్లీ, మెత్తటి పెసరపప్పన్నం. నేనైతే బార్లీ జావే పెట్టమంటాను, రాగి జావ జ్వరం తగ్గాక చూసుకోవచ్చు. గ్లూకోజ్ పొడి, పళ్ళరసాలు వద్దు. వాంతులూ విరేచనాలూ ఉంటే ఓఆర్ఎస్ ఇవ్వండి, అందులో ఉండే కాస్త గ్లూకోజుకి భయపడక్కర్లేదు.

నోరు చేదుగా ఉందని ఆవకాయో గోంగూర పచ్చడో నంజుకోడానికి పెడతారు. ఆ ఉప్పుకి బీపీ పెరుగుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి కాళ్ళకి నీరు పడుతుంది. చప్పదనం పోవాలంటే నిమ్మకాయ పిండండి. పరామర్శకొచ్చేవాళ్ళంతా తెచ్చే కొబ్బరిబోండాల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడుతున్నా రోజూ తాగించకండి. గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకి నీళ్ళకి కూడా కొలత ఉంటుంది, డాక్టరు చెప్పినంతే.

రోజూ వేసే మందులు: తప్పులన్నీ ఇక్కడే

సత్యనారాయణపురంలో ఒక పెద్దావిడ మూడు రోజుల జ్వరంతో ఉన్నారు. పక్కన బిళ్ళల డబ్బా ఉంది. సోమ, మంగళ, బుధ అరలు నిండుగానే ఉన్నాయి. "అన్నం ముట్టకుండా షుగరు బిళ్ళ వేసుకుంటే కళ్ళు తిరుగుతాయిగా, మానేశానమ్మా" అన్నారు. మీటరు 412 చూపించింది. "తినకపోతే షుగరు ఎలా పెరుగుతుందమ్మా?" అని ఆవిడ ఆశ్చర్యం. జ్వరంలో ఒళ్ళు కార్టిసాల్, అడ్రినలిన్ వదులుతుంది, వాటి దెబ్బకి కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలోకి పంపేస్తుంది. ముద్ద తినకపోయినా షుగరు పెరుగుతుంది.

అలాగని అన్నీ యథాప్రకారం వేసేయడమూ తప్పే. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగరు బిళ్ళలు వేసుకుని తినకపోతే షుగరు నిజంగానే పడిపోతుంది. అందుకే "మానేయాలి", "మానకూడదు" అని ఒక్క మాటలో చెప్పేవాళ్ళని నమ్మకండి. ఏ మందు సంగతి ఆ మందుదే.

ఇన్సులిన్ పూర్తిగా ఆపడం ఎప్పుడూ కూడదు, ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని టైప్ 1 షుగరు వాళ్ళయితే మరీను. డోసు మార్చాల్సి రావచ్చు, అది డాక్టరు చెప్పాలి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే షుగరు బిళ్ళలు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ దీనికి పూర్తిగా వేరు. తిండి నీళ్ళు సరిగ్గా పోనప్పుడు, వాంతులప్పుడు వీటిని ఆపుతారు. ఆపకపోతే రక్తంలో ఆమ్లం చేరే కీటోఅసిడోసిస్ రావచ్చు. దీని ప్రమాదమల్లా మీటరులో షుగరు 200 దగ్గరే కనిపిస్తుండగానే మనిషి లోపల కూలిపోతుండటం. అంకె బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస కనిపిస్తే అంకెతో సంబంధం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ళ మామూలు జ్వరంలో నడుస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంటే మాత్రం దాన్నీ ఆపాల్సి ఉంటుంది. బీపీ బిళ్ళలు టెల్మిసార్టాన్, రామిప్రిల్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ళ బిళ్ళలూ అంతే, ఎండిపోయిన ఒంట్లో అవి కిడ్నీని దెబ్బతీస్తాయి.

నాడిని నెమ్మదింపజేసే మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ బిళ్ళలు ఒక్కసారిగా మానేస్తే గుండె ఎదురుతిరుగుతుంది. బీపీ బాగా తగ్గినా, నాడి మరీ నెమ్మదించినా డాక్టరుకి ఫోన్ చేయాలి గానీ సొంతంగా ఆపకూడదు. స్టెంట్ వేసినవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి ఇంకా సున్నితం. డెంగ్యూ అయితే రక్తస్రావం భయం, ఆపితే స్టెంట్ మూసుకుపోయే భయం. డెంగ్యూ పరీక్ష, ప్లేట్‌లెట్లు చూసి గుండె డాక్టరే తేల్చాలి, వాట్సాప్‌లో బాబాయి చెప్పాడని కాదు.

ఇదంతా జ్వరమొచ్చిన రాత్రి గుర్తుండదు. కాబట్టి ఒళ్ళు బాగున్నప్పుడే సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మీరు చూపించుకునే డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకోవాలి. ప్రతి మందు పక్కనా మూడు గడులు: "తింటున్నప్పుడు", "తిననప్పుడు", "వాంతులప్పుడు". దీన్ని నేను జ్వరం చీటీ అంటాను. బీరువా తలుపుకి అంటించాలి, సొరుగులో పెట్టకూడదు. ఎవరికివాళ్ళు నెట్‌లో చూసి మందులు సర్దుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే మీ కిడ్నీ రిపోర్టు చూసిన మనిషి రాసిన మాట అది.

ఇక బయటినుంచి కలిపే మందులు. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రొఫెన్ బిళ్ళ వద్దు. కిడ్నీకీ గుండెకీ చేటు, డెంగ్యూ అయితే రక్తస్రావం. జలుబు బిళ్ళల్లో ఫినైలెఫ్రిన్ ఉంటే బీపీ పెరుగుతుంది. నీళ్ళలో పొంగే పారాసిటమాల్లో సోడియం ఎక్కువ, మామూలు బిళ్ళే వాడండి. అదైనా ఆరు గంటల ఎడంతోనే. "ఒక్క సూదితో జ్వరం దిగిపోతుంది" అని ఎవరైనా అంటే అందులో ఏముందో పేరు చెప్పించుకోండి, తరచూ అది స్టెరాయిడే. 2021లో బ్లాక్ ఫంగస్ అంతలా రావడానికి అదుపులేని షుగరు మీద విచ్చలవిడిగా స్టెరాయిడ్లు వాడటం పెద్ద కారణం.

ఎప్పుడు పరుగెత్తాలి

ఆక్సిజన్ 94 కంటే తగ్గితే, షుగరు వరుసగా రెండుసార్లు 300 దాటితే, మాట తడబడితే, మూత్రం తగ్గిపోతే ఆగకండి, 108కి ఫోన్ చేయండి. షుగరు 70 కిందకి పడితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. షుగరు పాతబడినవాళ్ళకి గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి ఉండకపోవచ్చు. చెమటలు, ఆయాసం, దవడ లాగడం, విపరీతమైన నీరసం ఉంటే "జ్వరం నీరసంలే" అనుకోకుండా ఈసీజీ తీయించండి. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులు. ఒళ్ళు చల్లబడిందని పుస్తకం మూసేయకండి.

జ్వరం తగ్గాక

తిండీ నీళ్ళూ మామూలుగా పడుతూ ఒకటి రెండు రోజులు గడిచాక ఆపిన మందులు చీటీ ప్రకారం మళ్ళీ మొదలుపెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఇదే, నెల తర్వాత చూస్తే బీపీ బిళ్ళ ఇంకా ఆగే ఉంటుంది. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వచ్చినా, పాదాలు ఉబ్బినా గుండె పరీక్ష చేయించండి. ఫ్లూ టీకా ఏటా వానలకి ముందే వేయించాలి, న్యుమోనియా టీకా గురించి కూడా అప్పుడే అడగండి. మందులు మారితే అదే రోజు కొత్త జ్వరం చీటీ రాయించి పాతది చించేయండి. బీరువా మీద రెండు చీటీలు ఉండకూడదు.